ఓడినవాళ్ళ కాగితం

లోకంలో టెన్నిస్ ఆడి పొట్టపోసుకునే మగవాళ్ళందరినీ వరసగా నిలబెడితే అతను నాలుగువందల పదకొండోవాడు. అదే ఏ దర్జీయో అయి, లోకం మొత్తం మీద నాలుగువందల పదకొండో దర్జీ అనిపించుకుంటే అతని కొట్టు ముందు జనం బారులు తీరి ఉండేవారు. పళ్ళ డాక్టరైతే అపాయింట్‌మెంటు కోసం పెద్దపెద్దవాళ్ళు సిఫార్సులు పట్టుకొచ్చేవారు. టెన్నిస్‌లో నాలుగువందల పదకొండోవాడంటే మాత్రం, పెళ్ళిళ్ళలో ఎవరైనా "మీ అల్లుడుగారు ఏం చేస్తుంటారు?" అని అడిగినప్పుడు అత్తగారు గబుక్కున మాట మార్చేయాల్సిన మనిషి. "మా అల్లుడు ఆడుతుంటాడండీ" అని ఒకసారి చెప్పి చూసిందావిడ. "అది సరేనండీ, ఉద్యోగం?" అన్నారు అవతలివాళ్ళు. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

సాటి ఆటగాళ్ళు అతన్ని గోడ అంటారు. ఎంత గట్టిగా కొట్టినా బంతిని తిరిగి పంపిస్తాడని ఆ పేరు. పెట్టినవాళ్ళకు తెలియని సంగతేమిటంటే, అతను ఆట నేర్చుకున్నదే ఒక గోడ దగ్గర. తండ్రి ఒక క్లబ్బులో మట్టికోర్టులకు నీళ్ళు కొట్టి, గోనెపట్టా లాగి చదును చేసి, తెల్లగీతల మీద దుమ్ము చీపురుతో ఊడ్చేవాడు. మెంబర్లు ఆడుతున్నంతసేపూ కొడుకు పంపుహౌసు వెనక గోడకు బంతి కొట్టుకుంటూ ఉండేవాడు. గోడ ఎప్పుడూ తప్పు చెయ్యదు కాబట్టి ఆ పిల్లాడికి ఓపిక ఒక్కటి బ్రహ్మాండంగా అబ్బింది. ఆ ఓపికే తరవాత కొంప ముంచింది.

పదహారో ఏట జూనియర్ల కప్పు గెలిచాడు. ఇరవై నాలుగో ఏట సరిగ్గా ఒక్క వారంపాటు రెండువందల అరవై ఎనిమిదో స్థానంలో ఉన్నాడు. ఆ పుణ్యమా అని ఒక పెద్ద టోర్నమెంటు క్వాలిఫయింగ్‌లో, అంటే అసలు పోటీకి ముందు జరిగే వడపోతలో, చోటు దొరికితే, రెండు గంటల పది నిమిషాలు ఆడి ఓడిపోయాడు. ఆ ఒక్క వారం గురించి అడిగితే పొద్దుగూకేదాకా చెబుతాడు. తరవాతి ఎనిమిదేళ్ళ గురించి అడిగితే ఏ ఊరి హోటల్లో వేడినీళ్ళు వస్తాయో, ఎక్కడ పక్కమీద నల్లులుంటాయో చెబుతాడు.

ఈ ఆటలో ఒక తిరకాసు ఉంది. గెలుచుకున్న పాయింట్లు ఏడాదే నిలుస్తాయి. కిందటేడు ఒక వారంలో సంపాదించుకున్నవి ఈ ఏడు అదే వారం దాటగానే, సోమవారం పొద్దున, లెక్కలోంచి ఎగిరిపోతాయి. మళ్ళీ అంత గెలిస్తే ఉన్నచోట ఉండొచ్చు. గెలవకపోతే జారాల్సిందే. పైకెక్కడం సంగతి దేవుడెరుగు, ఉన్నచోట ఉండడానికే ఏడాదికి ముప్ఫై వారాలు బ్యాగు భుజాన వేసుకుని ఊళ్ళు పట్టుకు తిరగాలి. చిల్లుకుండలో నీళ్ళు పోసే పనిని ఇంత శ్రద్ధగా చేసే మనుషుల్ని ఇంకెక్కడా చూడలేం. "ఈ ఒక్క సీజన్ చూసి మానేస్తా" అని అతను భార్యతో అనడం ఇది ఏడో సీజన్.

ఆరేళ్ళ కూతురికి ఈ లెక్కలేవీ పట్టవు. దానికి తెలిసిందొక్కటే. నాన్న గెలిస్తే అక్కడే ఉండిపోతాడు, ఓడిపోతే ఇంటికొస్తాడు. అందుకని ఫోన్ తియ్యగానే దాని మొదటి మాట, "నాన్నా, ఓడిపోయావా?" ఓడిపోయానంటే అవతల ఇల్లు పీకి పందిరేసేది. "అలా అనకూడదే" అని తల్లి మొదట్లో కోప్పడేది. ఆ తరవాత కోప్పడడం మానేసింది.

ఆవిడ నర్సు. ఒకప్పుడు అతని చీలమండ బెణికితే ఆస్పత్రిలో కట్టు కట్టింది ఆవిడే. కట్టు ఎలా వెయ్యాలో, ఎముక దెబ్బకూ నరం బెణుకుకూ తేడా వేలితో నొక్కి ఎలా తెలుసుకోవాలో అతనికి నేర్పింది కూడా ఆవిడే. ఆ పాఠాలు పెళ్ళిదాకా వచ్చాయి.

ఇక ఈ ఏడు సంగతి. తండ్రి పనిచేసిన క్లబ్బులోనే కోచ్ ఉద్యోగం ఖాళీ అయింది. సెక్రటరీ పెద్దమనిషి కాబట్టి ముందు ఇతనికే కబురు పెట్టాడు. మంగళవారం సాయంత్రం ఐదింటిలోగా చేరేదీ లేనిదీ చెప్పాలి, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. భార్యాభర్తలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఈ వారం ఆడబోయే టోర్నమెంటులో కిందటేడు అతను రెండు మ్యాచులు గెలిచాడు. ఈసారి క్వాలిఫయింగ్ దాటి మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, చేరితే ఆట సాగిస్తాడు. చేరకపోతే ర్యాంకు ఎలాగూ ఐదువందలకు జారిపోతుంది, ఆపైన ఏ టోర్నమెంటూ గడప తొక్కనివ్వదు, కాబట్టి ఇంటికొచ్చి కోచ్‌గా చేరిపోతాడు. "మాట మాటే?" అంది భార్య. "మాట మాటే" అన్నాడు అతను.

సోమవారం మధ్యాహ్నం క్వాలిఫయింగ్ చివరి రౌండులో పందొమ్మిదేళ్ళవాడి చేతిలో ఓడిపోయాడు.

"అయిపోయింది. రేపు సాయంత్రం బస్సుకి వచ్చేస్తున్నా" అని భార్యకు ఫోన్ చేశాడు.

ఆవిడ మెల్లిగా, "బాధగా ఉందా?" అంది.

"తెలీడం లేదు."

"సెక్రటరీగారికి నువ్వే చెప్పు. నీ నోటితో చెబితే బావుంటుంది."

సరేనని ఫోన్ పెట్టేసి, హోటల్ గది బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి, అతను ఏడ్చాడు. వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తుండగానే అతనికి ఒక విషయం అర్థమై ఆశ్చర్యం వేసింది. అది ఓడిపోయిన ఏడుపు కాదు. పరీక్ష హాల్లోంచి బయటపడ్డ పిల్లాడికి వచ్చేలాంటిది. ఇక బ్యాగు సర్దక్కర్లేదు. సోమవారం పొద్దున వణుకుతూ ఫోన్‌లో ర్యాంకు చూసుకోనక్కర్లేదు. పన్నెండేళ్ళ తరవాత మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుని, మొహం కడుక్కుని బయటికొచ్చాడు.

ఆ గదిలో అతనితోపాటు ఇంకొకడు ఉంటున్నాడు. ఇరవై మూడేళ్ళవాడు, మంచం మీద పడుకుంటే జానెడు కాళ్ళు బయటే ఉంటాయి కాబట్టి అందరూ పొడుగు అంటారు. గోడను అన్నా అని పిలుస్తాడు. వీళ్ళు ఇలా జంటగా గదులు తీసుకోవడం మామూలే. బాత్రూంలో ఈ చివర్నుంచి ఆ చివరకు పాత రాకెట్ తీగ కట్టి దానిమీద బనియన్లు ఆరేసుకుంటారు. పొద్దున ఒకే పేస్టుతో పళ్ళు తోముకుని, మధ్యాహ్నం ఎదురెదురుగా నిలబడి ఒకరి కొంప ఒకరు కూల్చుకుంటారు. పొడుగు ర్యాంకు మెరుగ్గా ఉండడంతో క్వాలిఫయింగ్ బాధ లేకుండా మెయిన్ డ్రాలోనే ఉన్నాడు. అతని మొదటి మ్యాచు మంగళవారం.

మంగళవారం పొద్దున పొడుగు మంచం అంచున కూర్చుని పాదం చూపించాడు. నిన్న ప్రాక్టీసులో మెలితిరిగింది, రాత్రికి చీలమండ నిమ్మకాయంత వాచింది.

"అన్నా, ఒకసారి చూడవా? ఆడొచ్చంటావా?"

గోడ నేలమీద కూర్చుని ఆ పాదం ఒళ్ళో పెట్టుకున్నాడు. భార్య నేర్పినట్టే ఎముక వెంట బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాడు. ఎముకకేం కాలేదు. నరం బెణికింది, అంతే. కట్టు సరిగా పడితే సుబ్బరంగా ఆడొచ్చు.

అతనికి ఇంకో సంగతి కూడా తెలుసు. మెయిన్ డ్రాలో ఎవరైనా మొదటి మ్యాచు మొదలవకముందే తప్పుకుంటే, ఆ చోటు క్వాలిఫయింగ్ చివరి రౌండులో ఓడినవాళ్ళలో మంచి ర్యాంకు ఉన్నవాడికి ఇస్తారు. నిన్న ఓడినవాళ్ళలో అందరికంటే ముందున్నది తనే. "వద్దురా, ఈ కాలితో ఆడకు" అని ఒక్క మాట అంటే చాలు, ఆ చోటు తనది. కానీ తనకు ఆ చోటుతో పని లేదు, తను ఇంటికెళ్ళిపోతున్నాడు. పని ఉన్నా ఆ మాట అనేవాడు కాదు, అది వేరే విషయం.

"ఆడొచ్చు. కదలకుండా కూర్చో" అని తెల్ల టేపు తీశాడు. మడమ కింద నుంచి పైకి, చీలమండ చుట్టూ, మళ్ళీ అడ్డంగా, ఎక్కడా ముడత పడకుండా ఇరవై నిమిషాలు కట్టాడు. ఎవరో అప్పగించిన పనిలా కాక తన కాలికే కట్టుకున్నట్టు కట్టాడు. అబద్ధపు కట్టు కట్టడం ఆ చేతులకు రాదు.

ఇద్దరూ తొమ్మిదింటికి స్టేడియం చేరారు. రిఫరీ గది బయట బల్ల మీద అట్టకు క్లిప్పు పెట్టిన ఒక కాగితం, దానికి దారంతో కట్టిన పెన్ను. రూలు పుస్తకంలో దాన్ని అదృష్టవంతులైన పరాజితుల జాబితా అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో ఎన్నడూ ఓడినట్టు లేదు. ఆటగాళ్ళు దాన్ని ఓడినవాళ్ళ కాగితం అంటారు. ఖాళీ అయిన చోటు కావాలనుకునేవాళ్ళు ప్రతిరోజూ తొమ్మిదిన్నరలోగా దానిమీద సంతకం పెట్టాలి. పెట్టాక అక్కడే ఉండాలి. పిలిచిన ఐదు నిమిషాల్లో కోర్టులోకి రాకపోతే చోటు తరవాతివాడికి పోతుంది.

గోడ ఆ బల్ల పక్కనుంచి వెళ్ళిపోవలసినవాడు. వెళ్ళిపోలేదు. ఆగాడు, పెన్ను తీశాడు, మొదటి వరసలో సంతకం పెట్టాడు. ఎందుకు పెట్టావయ్యా అంటే చెప్పలేడు. పన్నెండేళ్ళుగా ఓడిన మర్నాడల్లా ఆ కాగితం కనిపిస్తే సంతకం పెట్టడం ఆ చేతికి అలవాటు. బస్సు సాయంత్రం కదా, ఎలాగూ పొడుగు ఆడతాడు కదా, మిగిలినవాళ్ళంతా గుర్రాల్లా ఉన్నారు కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. భార్యకు మాత్రం చెప్పలేదు. చెప్పేంత విషయం కాదనుకున్నాడు. చెప్పేంత విషయం కాదని అనుకోవడానికి ఎంతసేపు ఆలోచించాడో అతనికే తెలుసు.

సంతకం పెట్టాక ఇక మనిషి తనవాడు కాడు. ఆటగాళ్ళ గదిలో ప్లాస్టిక్ కుర్చీలో, బూట్ల లేసులు బిగించుకుని, రాకెట్ల బ్యాగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చోవాలి. కడుపునిండా తినకూడదు, గంటకో అర అరటిపండు. టీ తాగితే భయం, బాత్రూంలో ఉండగా పిలుస్తారేమోనని. రెండు గంటలకోసారి లేచి ఒళ్ళు విరుచుకుని చెమట పట్టేదాకా ఎగరాలి, మళ్ళీ కూర్చోవాలి. అన్నిటికంటే నీచమైన పని ఇంకోటుంది. తలుపులోంచి వచ్చే ప్రతివాడి కాళ్ళవంకా చూడడం. ఎవడైనా కుంటుతున్నాడా, ఎవడైనా నడుం పట్టుకున్నాడా, ఎవడి మొహమైనా జ్వరంగా ఉందా. తోటివాడి కాలు విరగాలని కోరుకోవడం కాదు, ఊరికే చూడడం అని అందరూ అంటారు. గోడ కూడా అంటాడు. ఇవాళ అతను చూడకూడదని కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. పావుగంట తరవాత చూస్తే కుర్చీ మళ్ళీ తలుపువైపే ఉంది.

ఒక్కొక్కటిగా మ్యాచులు మొదలయ్యాయి. ఎవరూ తప్పుకోలేదు. రెండింటికి మిగిలింది ఒక్కటే, నాలుగో కోర్టులో పొడుగు మ్యాచు. పొడుగు లేచి, కట్టు కట్టిన కాలితో రెండుసార్లు గెంతి చూపించి, "చూశావా అన్నా, రాయిలా ఉంది!" అని బ్యాగు ఎత్తుకుని వెళ్ళాడు. గోడ కిటికీలోంచి అతను కోర్టు గేటు దాటడం చూశాడు. అంతటితో ఆ కాగితం పని అయిపోయింది.

ఒళ్ళంతా తేలికపడింది. బూట్ల లేసులు విప్పేశాడు. కూతురు ఒంటిపూట బడినుంచి వచ్చేసి ఉంటుందని ఇంటికి ఫోన్ చేశాడు.

"నాన్నా, ఓడిపోయావా?"

"నిన్ననే ఓడిపోయాను కదమ్మా."

"మరింకా అక్కడే ఉన్నావేం?"

"సాయంత్రం బస్సెక్కుతా. పొద్దున నువ్వు లేచేసరికి ఇంట్లో ఉంటా."

"బడికి నువ్వే దింపుతావా?"

"నేనే."

"రోజూనా?"

"రోజూ."

"అమ్మా, నాన్న రోజూ అంట!" అని అరిచి, ఫోన్ దగ్గరే చెవులు చిల్లులు పడేలా ఒక ఈల ఊదింది. కోచ్‌లకు ఈల ఉంటుందని బళ్ళో ఎవరో చెబితే, నాన్నకని తల్లి ప్రాణం తీసి కొనిపించిందట. టెన్నిస్ కోచ్‌కు ఈలతో పనిలేదని దానికెవరూ చెప్పలేదు. గోడ కూడా చెప్పలేదు. అతనికి నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

ఫోన్ భార్య అందుకుంది. "సెక్రటరీగారికి చేశావా?"

"ఇదిగో, ఇప్పుడే చెయ్యబోతున్నా. ముందు నీకు చేద్దామని..."

గది మూలనున్న మైకు గరగరలాడింది. "అదృష్టవంతులైన పరాజితుల జాబితాలో మొదటి ఆటగాడు ఐదు నిమిషాల్లో నాలుగో కోర్టుకు రావలెను."

"ఏదో పిలుస్తున్నారు?" అంది భార్య.

"ఎవర్నోలే."

మైకు అదే మాట మళ్ళీ చెప్పింది. ఆటగాడి పెళ్ళాంగా ఆవిడకు ఆ కాగితం సంగతి కొత్త కాదు.

"సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"నిన్ననా, పొద్దున్నా?"

"పొద్దున."

"అంటే నాకు వస్తున్నానని చెప్పాక."

అతను ఏదో అనబోయేంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. పొడుగు, బ్యాగుతో సహా. వాడు కుంటడం లేదు. మొహం వెలిగిపోతోంది.

"అన్నా, లే లే! వార్మప్‌లో ఉండగానే తప్పుకున్నా. ఇంకా మొదటి సర్వీసు పడలేదు. చోటు నీదే!"

"కాలు నొప్పెట్టిందా?"

"నొప్పా? నీ కట్టు మీద వారం రోజులు ఆడొచ్చు." వాడు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "నిన్న కుళాయి తిప్పుకుని ఏడిస్తే నాకు వినబడలేదనుకున్నావా? ఈ పాయింట్లు పోతే నీ ఆట అయిపోతుందని నాకు తెలీదా? పొద్దున 'ఆడకురా' అని ఒక్క మాటంటే ఈ చోటు నీదయ్యేది. అనలేదు. కింద కూర్చుని నా కాలికి కట్టు కట్టావు. కోర్టులోకి వెళ్ళి బంతి పట్టుకుంటే అదే గుర్తొచ్చిందన్నా, చెయ్యి ఆడలేదు. నాకింకా వయసుంది, ఇలాంటివి వంద దొరుకుతాయి. నీలాంటివాడు మానేస్తే ఎలా?"

వాడి కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. గోడకు వాణ్ణి పట్టుకుని కొట్టాలనిపించింది, వాటేసుకోవాలనీ అనిపించింది. అది బాధతో ఏడ్చిన ఏడుపు కాదురా వెర్రివాడా, ఇంటికెళ్తున్నానని ఏడ్చానురా అనాలి. తన మ్యాచు వదులుకుని వచ్చి కూర్చున్నవాడితో ఆ మాట ఏ నోటితో అంటాం? కాగితంలో రెండో పేరువాడు అప్పటికే బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఆశగా చూస్తున్నాడు. "నేను ఆడను" అని రెండు మాటలు అంటే చాలు. కిందికి చూసుకుంటే తన చేతులు లేసులు కట్టేసి ఉన్నాయి. ఎప్పుడు కట్టాయో తెలియదు.

ఫోన్ ఇంకా చెవికీ భుజానికీ మధ్యే ఉంది. అవతల ఆవిడ అంతా విన్నది.

"సెక్రటరీగారికి నేను చెప్తాలే" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేది. "ఐదు నిమిషాలేగా ఇస్తారు. వెళ్ళు. కాళ్ళు జాగ్రత్త."

గోడ నాలుగో కోర్టులోకి వెళ్ళాడు. పోనీ ఓడిపోదాం, ఐదింటిలోగా ఓడిపోతే ఇంకా టైముంది అనుకున్నాడు. అదీ చేతకాలేదు. బంతి వచ్చింది, కాళ్ళు వెళ్ళాయి, చెయ్యి తిప్పికొట్టింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కొట్టింది. అవతలివాడు విసిగి నెట్‌లోకి కొట్టుకున్నాడు. రెండో సెట్టు కావాలని వదిలేద్దామని చూసి, నిజంగానే పోగొట్టుకుని, మూడో సెట్టులో అది కూడా మరిచిపోయి ఆడాడు. గేలరీలో పొడుగు ప్రతి పాయింటుకూ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. గోడ గెలిచాడు. అప్పటికి ఐదుకు పది నిమిషాలు తక్కువ.

బ్యాగులోంచి ఫోన్ తీస్తే భార్య పంపిన సందేశం ఉంది. మ్యాచు మొదలైన కాసేపటికే పంపింది. "చెప్పేశాను. ఆయనేం అనుకోలేదు. ఇంకొకరు రెడీగా ఉన్నారట."

కోర్టు పక్క బెంచీ మీద తువ్వాలు తలమీద కప్పుకుని అతను చాలాసేపు కూర్చున్నాడు. రేపు ఇంకో మ్యాచు. అది కూడా గెలిస్తే ఉన్నచోటే, నాలుగువందల పదకొండు దగ్గరే ఉంటాడు. ఎనిమిదో సీజన్‌కు "ఈ ఒక్క సీజనే" అని చెప్పాల్సిన పని ఉండదు, ఇంట్లో ఇక ఎవరూ అడగరు. చివరికి ఇంటికి ఫోన్ చేశాడు. తీసింది కూతురే.

"నాన్నా, ఓడిపోయావా?"

"లేదమ్మా. గెలిచాను."

అటునుంచి అది, బళ్ళో కిందపడి మోకాలు చెక్కుకున్న స్నేహితురాలిని ఓదార్చినంత మెత్తగా అంది:

"పోన్లే నాన్నా, ఏడవకు. రేపు ఓడిపోదువుగాని. నీ ఈల దాచిపెడతాలే."